యూరప్ టూర్‌లో పిల్లాడికి పల్లీ, జీడిపప్పు అలర్జీ: ముందు ఆ ఇండియన్ డిన్నర్ల సంగతి చూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మే చివర్లో పన్నెండు రోజుల గ్రూప్ టూర్: పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. బాబుకు ఎనిమిదేళ్లు. పల్లీలు, జీడిపప్పు పడవు, ఒకసారి పెళ్లి భోజనంలో గొంతు వాచి ఆసుపత్రికి పరుగెత్తారు. "ప్యాకేజీలో రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్ ఉంది కాబట్టి ఆ పూటకి టెన్షన్ లేదు. పగలు బయట తినేటప్పుడు ఏం చెయ్యాలి, మావాడు జెలాటో (ఇటలీ ఐస్‌క్రీమ్) తినొచ్చా?" అని అడిగారు.

నేను పదకొండేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నాను. మా అమ్మాయికీ ఇవే అలర్జీలు. డాక్టర్ని కాను, కాబట్టి మందు మోతాదులు మీ డాక్టర్‌నే అడగండి. బయట తిండి విషయంలో మాత్రం చాలా దెబ్బలు తిని నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నాను: మీరు టెన్షన్ లేదన్న ఆ రాత్రి పూటే నాకు అన్నిటికంటే ఎక్కువ భయంగా ఉంది.

మా సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట నెదర్లాండ్స్ వెళ్లినప్పుడు నాలుగు రోజులు బ్రెడ్డు, బంగాళాదుంపలు తిని విసుగెత్తి, ఒక ఇండియన్ రెస్టారెంట్‌లోకి వెళ్లాం. వడ్డించే కుర్రాడు హైదరాబాద్ వాడు, చదువుకుంటూ పార్ట్ టైం చేస్తున్నాడు. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. అలర్జీ సంగతి తెలుగులోనే వివరంగా చెప్పాను. "ఏం కాదక్కా, మేం కాజూ వెయ్యం, పైన కొత్తిమీర ఒక్కటే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతని దృష్టిలో జీడిపప్పు వెయ్యడమంటే నేతిలో వేయించి పైన చల్లడం. లోపల వంటింట్లో బకెట్ నిండా ఉన్న తెల్ల గ్రేవీ దేనితో చేస్తారో అతన్ని ఎవరూ అడగలేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. నానబెట్టి రుబ్బిన జీడిపప్పు అది. పాప మూడు చెంచాలు తిన్నదో లేదో, నాలుక దురదగా ఉందంది. పది నిమిషాల్లో వాంతి, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బొంగురు. తొడకి అడ్రినలిన్ పెన్ (ప్రాణాపాయ అలర్జీకి వెంటనే వేసే రెడీ ఇంజెక్షన్) వేశాం, యూరప్ ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చేశాం, ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నాం.

యూరప్ హోటల్లో అయితే నేను అలర్జీ చీటీ చూపించి, మెనూ చివరి పేజీ చదివి, రెండోసారి అడిగి గానీ తినిపించేదాన్ని కాదు. అక్కడ మాత్రం మన భాష, మన తిండి అనేసరికి అవన్నీ మర్చిపోయాను. మీ గ్రూప్ వాళ్లందరూ కూడా అదే మూడ్‌లో ఉంటారు.

ఇంగ్లండ్‌లో ఇంకా ఘోరం జరిగింది. 2014లో యార్క్‌షైర్‌లో పల్లీ అలర్జీ ఉన్న ఒకాయన కర్రీ పార్సిల్ తెప్పించుకున్నాడు. నట్స్ వద్దని ముందే చెప్పాడు, డబ్బా మూత మీద కూడా నట్స్ లేవనే రాసిచ్చారు. ఇంటికెళ్లి తిని చనిపోయాడు. ఖర్చు తగ్గించుకోడానికి యజమాని బాదం పొడికి బదులు పల్లీలు కలిసిన చౌక పొడి వాడుతున్నాడు. 2016లో కోర్టు అతనికి ఆరేళ్ల జైలు వేసింది. కర్రీ గ్రేవీల్లో గింజల పొడి ఎంత మామూలో, అది ఎప్పుడు మారుతుందో తినేవాడికి ఎలా తెలియదో ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

కాబట్టి మీరు ఇప్పుడే చెయ్యాల్సిన పని, టూర్ కంపెనీకి మెయిల్ రాసి అన్ని రాత్రులూ ఏ ఊళ్లో ఏ రెస్టారెంటో పేర్లు తెప్పించుకోవడం. "పిల్లాడికి నట్స్ వద్దు" అని రాస్తే సరిపోదు. "గ్రేవీ చిక్కబడడానికి ఏం వాడతారు? జీడిపప్పు పేస్ట్, బాదం పొడి, పుచ్చగింజల పేస్ట్, వీటిలో ఏది? వేపుళ్లకి ఏ నూనె?" అని అడగండి. ఈ ప్రశ్నకి వంటవాడే జవాబు చెప్పగలడు, వెయిటర్ చెప్పలేడు. అందులోనే మంచి ఉంది: ప్రశ్న తప్పకుండా వంటింట్లోకి వెళ్తుంది. కుర్మా, షాహీ, మఖనీ, మలై కోఫ్తా, నవరతన్, ఇలాంటి పేరున్న ప్రతి కూరా వాడికి వద్దు. పాయసం, హల్వా వద్దు. తందూరీ రొట్టె, తెల్లన్నం, పప్పు, పెరుగు, ఇవి అడగొచ్చు. అయితే బఫేలో ఒక గిన్నెలోని గరిటె ఇంకో గిన్నెలోకి వెళ్తూనే ఉంటుంది. గ్రూప్ మొత్తం లైన్లో నిలబడకముందే వెళ్లి, వంటింట్లోంచే వాడి ప్లేటు విడిగా పెట్టించుకోండి. గ్రూప్ లీడర్‌కి మొదటిరోజే చెప్పి ఉంచితే రోజూ బతిమాలక్కర్లేదు.

దక్షిణాది హోటల్ దొరికితే చట్నీ ముట్టుకోనివ్వకండి. కొబ్బరి చట్నీ అన్నా సరే. మనం ఇంట్లో చేసేటప్పుడే కొబ్బరి తక్కువైతే గుప్పెడు పల్లీలు వేసేస్తాం కదా, వాళ్లూ అంతే.

ఇక యూరప్ వాళ్ల హోటళ్లు. ఇక్కడ మీకు చట్టం అండగా ఉంది. యూరోపియన్ యూనియన్ 1169/2011 అనే నిబంధన 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉంది. 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం ప్యాకెట్ మీదే కాదు, హోటల్లో, బేకరీలో, ఐస్‌క్రీమ్ బండి దగ్గర కూడా ఇచ్చి తీరాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతలు, గుడ్డు, చేపలు, పల్లీలు, సోయా, పాలు, నట్స్, సెలెరీ, ఆవాలు, నువ్వులు, సల్ఫైట్లు, లూపిన్, నత్తలు ఆల్చిప్పల జాతి, ఇవీ ఆ పద్నాలుగు. ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో వీటిని లావు అక్షరాల్లోనో, ఇంకోలా కొట్టొచ్చినట్టు కనబడేలానో వేస్తారు, భాష రాకపోయినా కంటికి కనబడతాయి. అయితే "ఆనవాళ్లు ఉండొచ్చు" అనే హెచ్చరిక మాత్రం కంపెనీ ఇష్టం. అది రాయలేదు కాబట్టి ఆ ఫ్యాక్టరీలో పల్లీలు లేవని అనుకోకూడదు.

ఈ జాబితాలో మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటి: పల్లీలు వేరు, నట్స్ వేరు. మనం నట్స్ అంటే పల్లీలు కూడా కలిపేస్తాం. ఇక్కడి వెయిటర్ "నట్స్ లేవు" అన్నాడంటే బాదం, హేజల్‌నట్, అక్రూట్, జీడిపప్పు, పిస్తా లాంటివి లేవని. పల్లీల గురించి అతను ఇంకా ఏమీ చెప్పలేదు. రెండూ విడివిడిగా అడగండి.

ఇంకోటి: జాబితాలో లేనివాటికి ఈ చట్టం పనికిరాదు. పైన్ గింజలు, కొబ్బరి, శనగలు ఇందులో లేవు. మీ గ్రూప్‌లో ఎవరికైనా శనగపిండి పడకపోతే ఇటలీలో ఫరినాటా అనే పసుపుపచ్చ అట్టు చూసి మురిసిపోవద్దని చెప్పండి, అది అచ్చం శనగపిండే.

దేశాలవారీగా చూస్తే, ఫ్రాన్స్‌లో ఈ సమాచారం రాతపూర్వకంగానే ఉండాలి. అడిగితే ఫైలో, చార్టో తెచ్చిస్తారు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ నియమాలు దాదాపు ఇలాగే ఉంటాయి. అక్కడ నోటితో చెప్పినా చాలు, "అలర్జీల గురించి మా సిబ్బందిని అడగండి" అని ఒక బోర్డో, మెనూలో ఒక లైనో ఉంటుంది. ఇటలీలో మెనూ చివర అంకెలతో పట్టిక ఉంటుంది, లేదా అడిగితే అలర్జీల పుస్తకం తెస్తారు. చాలాచోట్ల పల్లీలకి 5, నట్స్‌కి 8 ఉంటుంది కానీ ప్రతి హోటల్లోనూ అదే వరస అనుకోవద్దు, పట్టిక చదవాల్సిందే. ఇటలీ మెనూలో వంటకం పక్కన చుక్కగుర్తు ఉంటే కంగారుపడకండి, మామూలుగా దానర్థం ఆ పదార్థం ఫ్రీజర్‌లోంచి తీసిందని. మావారు మొదటి ట్రిప్‌లో ఆ చుక్కలు చూసి మాకెవరికీ ఏమీ తిననివ్వలేదు.

ఇటలీలో అసలు చూసుకోవాల్సింది నూనె. ఆలివ్ నూనె దేశం కదా అనుకుంటాం. కానీ వేపుళ్లకి పల్లీనూనె వాడే హోటళ్లు అక్కడ చాలా ఉన్నాయి, రోమ్‌లో సుప్లీ అనే వేయించిన అన్నం ఉండల దగ్గర్నుంచి ఫ్రెంచ్ ఫ్రైస్ దాకా. "ఓలియో ది అరాకిది" అంటే పల్లీనూనె, ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. శుద్ధి చేసిన నూనె అయినా సరే, పల్లీలది అయితే చెప్పి తీరాలని చట్టం. రిఫైన్డ్ నూనె మీ బాబుకు పడుతుందో లేదో మీ డాక్టర్‌ని అడిగి రండి. మేమైతే ఇటలీలో వేపుళ్లు మానేసి, టమాటా సాస్ పాస్తా, మార్గరీటా పిజ్జాలతో గడిపేశాం. పెస్టో అనే ఆకుల పచ్చడి మాత్రం వద్దు. ఇంట్లో రుబ్బే పెస్టోలో పైన్ గింజలు వేస్తారు గానీ, సీసాల్లో అమ్మేవాటిలో ధర తగ్గడానికి జీడిపప్పు కలిపేవి ఎక్కువ. మాంసం తినేవాళ్లయితే మోర్టడెల్లా అనే సాసేజ్‌లో పిస్తా పలుకులు ఉండొచ్చు, చూసుకోండి.

పిస్తా ఎందుకంటున్నానంటే, జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు, రెండూ ఒకే కుటుంబం. మన ఇంట్లో పిస్తా ఎప్పుడో గానీ కనబడదు కాబట్టి చాలామందికి ఈ సంగతే తెలియదు. ఇక్కడ క్రీముల్లో, కేకుల్లో, చాక్లెట్లలో అదే. ఫ్రాన్స్‌లో చేప మీదా, సలాడ్ మీదా చల్లే గులాబీరంగు మిరియాలు, "బై రోజ్" అంటారు, అవీ ఆ కుటుంబానివే. పెద్ద అలర్జీ ఉన్నవాళ్లు వాటినీ పక్కన పెట్టడం మేలు.

అలాగే లూపిన్. మన దగ్గర వినని పేరు. చిక్కుడు జాతి గింజ. దాని పిండిని కొన్ని బ్రెడ్లలో, బిస్కెట్లలో, గ్లూటెన్ లేని వస్తువుల్లో కలుపుతారు. పల్లీ అలర్జీ ఉన్న కొందరికి ఇది కూడా పడదు. ఇటలీ బార్లలో పసుపుపచ్చ గింజలు ఉప్పునీళ్లలో వేసి చిన్న గిన్నెలో ఊరికే తెచ్చిపెడతారు, అవి ఇవే. ఉడికిన శనగలనుకుని పిల్లలు నోట్లో వేసుకుంటారు.

మీరు శాకాహారులని రాశారు. చాలామంది మనవాళ్లు గుడ్డు ఉండదు కదా అని వీగన్ హోటళ్లు వెతుక్కుంటారు. మీ బాబుకు అవి అన్నిటికంటే ప్రమాదం. పాలు లేని చీజ్, క్రీమ్, సాస్, కేకు, ఇవి ఇక్కడ చాలాచోట్ల జీడిపప్పుతో చేస్తారు. పారిస్‌లో మామూలు ఫ్రెంచ్ హోటల్లో చీజ్ ఆమ్లెట్ గాని, గుడ్డు తినకపోతే వెన్న రాసిన బ్రెడ్డు, ఉడికించిన కూరగాయలు గాని వాడికి ఎక్కువ క్షేమం. స్విట్జర్లాండ్‌లో రోష్టి ఉంటుంది, తురిమిన బంగాళాదుంపని పెనం మీద కాల్చేది. పిల్లలు ఇష్టంగా తింటారు. చాక్లెట్ ఫ్యాక్టరీ టూర్ ప్యాకేజీలో ఉంటే చూపించండి, రుచి చూసే గదిలో మాత్రం చెయ్యి వదలకండి. హేజల్‌నట్ లేని చోటు అక్కడ దొరకదు.

భాష సంగతి. ఫ్రెంచ్‌లో పల్లీ "కకావెత్" లేదా "అరషీద్", జీడిపప్పు "నువా ద కజు". ఇటాలియన్‌లో పల్లీలు "అరాకిది", జీడిపప్పు "అనకార్ది". జర్మన్ మాట్లాడే స్విస్ ఊళ్లలో పల్లీ "ఎర్డ్‌నుస్", జీడిపప్పు "కాషూనుస్" లేదా "కాషూ". ఫ్రెంచ్ మెనూలో ఉత్త "నువా" అని ఉంటే అక్రూట్, కానీ "నువా ద సాఁ-జాక్" అంటే ఆల్చిప్ప మాంసం, "నువా ద వో" అంటే దూడమాంసంలో ఒక ముక్క. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి చదివితే ఇలాంటి చోట నవ్వొచ్చేలా చెప్తుంది. అందుకే నేను ఫోన్ని నమ్మను, అచ్చువేసిన చీటీ వాడతాను.

ఆ చీటీలో ఏం రాయాలో మొదట తెలుగులో అనుకోండి, తర్వాత ఆ భాష బాగా వచ్చినవాళ్లతో రాయించండి. మాది ఇలా ఉంటుంది: "మా పాపకు పల్లీలు, జీడిపప్పు, పిస్తా తింటే ప్రాణాపాయం. ముక్కలుగా, పొడిగా, పేస్టుగా, నూనెగా, ఏ రూపంలోనూ వద్దు. వాటికి వాడిన గరిటె, మూకుడు, నూనె కూడా వద్దు. దయచేసి వంటవారికి చూపించండి. ఖచ్చితంగా చెప్పలేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, మేం వేరే చోట తింటాం." ఆ చివరి వాక్యం చేర్చడానికి నాకు రెండేళ్లు పట్టింది. అది లేనప్పుడు వెయిటర్లు ఎలాగోలా సర్దిచెప్పడానికి చూసేవాళ్లు. అది రాశాక కొందరు తిన్నగా "సారీ, మేం మీకు వడ్డించలేం" అంటున్నారు. మొదట్లో ముఖం మీద తలుపు వేసినట్టు అనిపించేది. మనకి అతిథిని వద్దనడం అలవాటు లేదు, "ఏం కాదు, మేం చూసుకుంటాం" అనడమే మర్యాద. ఇప్పుడు నాకు ఆ "ఏం కాదు" వింటేనే గుండె దడ. కాదన్నవాడికి థాంక్స్ చెప్పి లేచి వచ్చేస్తాను.

హోటల్ నిండా జనం ఉన్నప్పుడు వెళ్లకండి. మధ్యాహ్నం పన్నెండింటికే, రాత్రి వంటిల్లు తెరవగానే వెళ్తే వంటవాడు స్వయంగా వచ్చి మాట్లాడే అవకాశం ఉంటుంది. బేకరీలో విడిగా పెట్టిన రొట్టెలకంటే సూపర్‌మార్కెట్ ప్యాకెట్ బ్రెడ్డే మా ఓటు, ఎందుకంటే బాదం క్రొయిస్సాఁ, మామూలు క్రొయిస్సాఁ పక్కపక్కనే పెట్టి ఒకే పట్టకారుతో తీస్తారు. చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకోవచ్చు, రూమ్‌లో వండనిస్తారో లేదో మాత్రం ముందు అడగండి. పొడులు, పచ్చళ్లు సరే గానీ నెయ్యి, పాలకోవా లాంటి పాల వస్తువులు బయటి దేశాల నుంచి ఇక్కడికి తేనివ్వరు. కందిపొడి ఇంట్లో కొట్టి తెచ్చుకోండి, కొన్నది వద్దు.

మందుల గురించి. మన దగ్గర మామూలు మెడికల్ షాపుల్లో అడ్రినలిన్ పెన్ సులువుగా దొరకదు, అందుకే మీ డాక్టర్‌తో ఇప్పటినుంచే మొదలుపెట్టండి. ఒకటి చాలదు, రెండు ఉండాలి. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో రాయించి, రెండూ మీ దగ్గరే పెట్టుకోండి. చెక్-ఇన్ సామాన్లలో వద్దు, బస్సు డిక్కీలో అసలే వద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. ఊపిరి ఆడకపోవడం, గొంతు మారడం, దద్దుర్లతో పాటు వాంతులు, వీటిలో ఏది కనబడినా మొదట తొడ బయటివైపు అడ్రినలిన్, తర్వాతే ఫోన్. అలర్జీ మాత్ర దీనికి బదులు కాదు. పిల్లాణ్ని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. ఊపిరి కష్టమైతే కూర్చోబెట్టండి గానీ లేచి నడవనివ్వకండి. అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండోది. తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. మీరు వెళ్లే మూడు దేశాల్లోనూ 112 పనిచేస్తుంది. "అనఫిలాక్సిస్" (ప్రాణం మీదికొచ్చే అలర్జీ) అనే మాట చెప్పండి, ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

వీసా కోసం కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు. అందులో ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందా అన్న లైన్ చదివి సంతకం పెట్టండి. చాలా చౌక పాలసీల్లో వర్తించదు.

ఇక జెలాటో. మీ బాబుకు అసలు ప్రశ్న ఇదే అని నాకు తెలుసు. తినొచ్చు, కానీ ప్రతి షాపులోనూ కాదు. పిస్తా, హేజల్‌నట్, నిమ్మ, అన్నీ పక్కపక్క డబ్బాల్లో ఉంటాయి, ఒకే గరిటె ఒకే నీళ్లలో ముంచి తీస్తుంటారు. జనం లేనప్పుడు వెళ్లి, చీటీ చూపించి, లోపల ఫ్రీజర్‌లో ఇంకా తెరవని డబ్బా ఉంటే దానిలోంచి కడిగిన గరిటెతో తియ్యమనండి. కోన్ వద్దు, కప్పు. అలా కుదరదంటే పక్కనే సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ ఐస్‌క్రీమ్ కొనండి, వెనక పదార్థాలు అచ్చువేసి ఉంటాయి. మా అమ్మాయి ఫ్లోరెన్స్‌లో మూడు షాపులు కాదన్నాక నాలుగో దాంట్లో నిమ్మ జెలాటో తింది. ఆ ముసలాయన డబ్బా తేవడానికి వెనక గదిలోకి వెళ్లి పది నిమిషాలు రాలేదు, మేం మర్చిపోయాడేమో అనుకున్నాం. గరిటె వేడినీళ్లతో కడుగుతున్నాడట.